'వెచ్చని నాదం': ట్యూబు, ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్ల ధ్వనిభేదం - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ట్యూబు ఆంప్లిఫయర్ నాదం వెచ్చగా, నిండుగా ఉంటుందనీ, ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్ నాదం చల్లగా, కరకుగా ఉంటుందనీ సంగీతశ్రోతలలో బలమైన అభిప్రాయం ఉంది. 'వెచ్చదనం' అనే ఈ ఒక్క మాట కింద కనీసం మూడు వేర్వేరు భౌతిక కారణాలు దాగి ఉన్నాయనీ, వాటిలో ఏ ఒక్కటీ ట్యూబుకు మాత్రమే సొంతం కాదనీ ఈ వ్యాసం వివరిస్తుంది. అనుస్వరాల స్వభావాన్ని కర్ణాటక సంగీత స్వరస్థానాలతో పోల్చి చూడడం, 1978, 1985 సంవత్సరాలలో జరిగిన రెండు శ్రవణపరీక్షల ఫలితాలను పరిశీలించడం, ధ్వనివర్ణనకు తెలుగులో వాడుతున్న పదజాలాన్ని ఆ వెలుగులో చూడడం ఇందులోని ప్రధానాంశాలు.

కీలకపదాలు: ట్యూబు, ట్రాన్సిస్టర్, అనుస్వరం, విరూపణం, నిర్గమ అవరోధం, శ్రవణపరీక్ష, స్నిగ్ధం, రూక్షం.

1. ప్రవేశిక:

తెలుగులో ధ్వనిని వర్ణించే మాటలు చాలావరకు మనిషి గొంతును ఉద్దేశించి ఏర్పడినవి. కంచుకంఠం, జీరగొంతు, బొంగురు, కీచు, గంభీరం, మార్దవం వంటివన్నీ ముందు మనిషికి, ఆ తరువాత వాద్యానికి, చివరికి యంత్రానికి అన్వయించబడ్డాయి. యంత్రం విషయానికి వచ్చేసరికి మాత్రం మరొక వర్ణన ఎక్కువగా వినిపిస్తుంది. పాత వాల్వు సెట్టు ధ్వని 'వెచ్చగా' ఉంటుందని, కొత్త సెట్టు ధ్వని 'చల్లగా' ఉంటుందని అంటారు. ఉష్ణోగ్రతకు సంబంధించిన మాట శబ్దానికి ఎలా వర్తించింది? ఆ మాట వాడినవారు నిజంగా విన్నదేమిటి? ఈ ప్రశ్నలకు భాషాపరంగా సమాధానం వెదకాలంటే ముందు ఆ యంత్రాలు శబ్దాన్ని ఏం చేస్తున్నాయో తెలుసుకోవాలి.

పరిభాష గురించి ఒక మాట. 'ధ్వనివర్ధకం' అనే పత్రికాపదం సందర్భాన్ని బట్టి ఆంప్లిఫయర్‌ను, స్పీకరును, ఒక్కోసారి మైకుతో సహా మొత్తం సరంజామాను సూచిస్తుంది. ఇక్కడి చర్చకు ఆంప్లిఫయర్, స్పీకరు వేర్వేరుగా ఉండడం అత్యవసరం కనుక వాడుకలోని మాటలే గ్రహించబడ్డాయి.

2. రెండు పరికరాలు:

ఫ్లెమింగ్ 1904లో రూపొందించిన రెండు ధ్రువాల నాళికకు లీ డి ఫారెస్ట్ 1906లో మూడవ ధ్రువాన్ని చేర్చాడు. గాలి తీసివేసిన గాజుబుడ్డిలో వేడెక్కిన కాథోడు నుండి ఎలక్ట్రాన్లు వెలువడి ప్లేటువైపు సాగుతాయి. మధ్యలో ఉన్న గ్రిడ్ అనే తీగవలపై వోల్టేజి కొద్దిగా మారితే చాలు, ఆ ప్రవాహం పెద్ద ఎత్తున మారుతుంది. సంకేతం పెద్దదవడం అంటే ఇదే. 1947 డిసెంబరులో బెల్ ప్రయోగశాలలో బార్డీన్, బ్రాటెయిన్ ట్రాన్సిస్టర్‌ను పనిచేయించి చూపారు. అందులో శూన్యం లేదు, వేడెక్కే తీగ లేదు. అర్ధవాహక స్ఫటికంలోనే ప్రవాహ నియంత్రణ జరుగుతుంది.

శబ్దం విషయంలో ఈ రెండింటి మధ్య ముఖ్యమైన తేడా విద్యుత్తును వాడుకునే తీరులో ఉంది. ట్యూబు కొన్ని వందల వోల్టుల వద్ద తక్కువ ప్రవాహంతో పనిచేస్తుంది. స్పీకరుకు కావలసింది అందుకు విరుద్ధం: తక్కువ వోల్టేజి, ఎక్కువ ప్రవాహం. ఈ రెండింటినీ కలపడానికి ట్యూబు ఆంప్లిఫయర్‌లో సాధారణంగా ఒక నిర్గమ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. ట్రాన్సిస్టర్ స్పీకరును నేరుగా నడపగలదు. ట్యూబు నాదమని శ్రోతలు పిలిచే దానిలో కొంత భాగం ఈ ఇనుపదిమ్మెదే అన్న సంగతి తరచుగా మరుగునపడుతుంది.

ట్యూబు అనగానే కొలతలలో లోపభూయిష్టమైనదని భావించడం కూడా సరికాదు. ట్రాన్సిస్టర్ పుట్టిన 1947లోనే డి.టి.ఎన్. విలియమ్‌సన్ 'వైర్‌లెస్ వరల్డ్' పత్రికలో ప్రచురించిన ట్యూబు ఆంప్లిఫయర్ 15 వాట్ల వద్ద 0.1 శాతానికి మించని విరూపణంతో పనిచేసింది. హెరాల్డ్ బ్లాక్ 1927లో కనుగొన్న రుణ పునర్నివేశ పద్ధతిని, అంటే బయటికి వెళ్లే సంకేతంలో కొంత భాగాన్ని వెనక్కి తెచ్చి లోనికి వచ్చేదానితో సరిపోల్చి తప్పును సవరించే పద్ధతిని, విలియమ్‌సన్ సమర్థంగా వాడుకున్నాడు. కనుక పోలిక 'ట్యూబుకూ ట్రాన్సిస్టర్‌కూ' మధ్య అనడం కంటే 'ఈ వలయానికీ ఆ వలయానికీ' మధ్య అనడమే సమంజసం.

3. అనుస్వరాలు - తంబుర సాక్ష్యం:

లోనికి వచ్చిన తరంగంలో లేనిది బయటికి వెళ్లే తరంగంలో చేరడాన్ని విరూపణం అంటారు. ఒకే స్వరాన్ని ఆంప్లిఫయర్‌కు ఇచ్చినప్పుడు కొత్తగా చేరేవి ఆ స్వరపు అనుస్వరాలే. ఆధారషడ్జం 200 హెర్ట్జ్ అనుకుంటే రెండవ అనుస్వరం 400 హెర్ట్జ్, అంటే తారషడ్జం. మూడవది 600, అది తారస్థాయి పంచమం. నాలుగవది 800, మళ్లీ షడ్జమే. ఐదవది 1000, అది అంతరగాంధారం. శ్రుతి చక్కగా కుదిరిన తంబురలో ఎవరూ మీటకుండానే వినిపించే స్వయంభూ గాంధారం ఇదే. ఆరవది 1200, తిరిగి పంచమం. ఏడవది 1400. ఇక్కడ చిక్కు మొదలవుతుంది. ఇది కైశికి నిషాదానికి దగ్గరగా ఉన్నట్టే ఉండి దానికంటే దిగువన, ఏ స్వరస్థానంలోనూ ఇమడకుండా నిలుస్తుంది. ఇంకా పైకి పోయేకొద్దీ అనుస్వరాలు ఒకదానికొకటి దగ్గరై, మూలస్వరంతో పొత్తు కుదరనివి పెరుగుతాయి.

అందువల్ల విరూపణం ఎంత శాతమన్నది ఒక్కటే చెబితే చాలదు, ఎన్నో అనుస్వరం చేరిందన్నది కూడా చెప్పాలి. పైగా మూలస్వరానికి దగ్గరగా ఉన్న రెండవ అనుస్వరాన్ని ఆ మూలస్వరమే చెవిలో కొంతవరకు కప్పివేస్తుంది. దూరంగా ఉన్న ఏడవదానికి ఆ కప్పు అందదు. బి.బి.సి. ఇంజినీరు డి.ఇ.ఎల్. షార్టర్ 1950లో ప్రతి అనుస్వరానికీ దాని సంఖ్య వర్గాన్ని నాలుగుతో భాగించి ఆ విలువతో తూకం వేయాలని ప్రతిపాదించాడు. ఈ లెక్కన రెండవ అనుస్వరం బరువు 1 అయితే ఏడవదాని బరువు 12.25. కొలతల పట్టికలలో ఈ తూకం స్థిరపడి ఉంటే ట్యూబు-ట్రాన్సిస్టర్ వివాదం సగం తగ్గి ఉండేది.

ఒకే ట్యూబు తరంగం మొత్తాన్ని మోసే 'సింగిల్ ఎండెడ్' వలయంలో రెండవ అనుస్వరం ప్రధానంగా ఉంటుంది, పై అనుస్వరాలు త్వరగా క్షీణిస్తాయి. 1930లలో సినిమాహాళ్ల కోసం వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థ తయారుచేసిన 300బి ట్యూబుతో నేటికీ ఇటువంటి ఆంప్లిఫయర్లు కడుతున్నారు. వాటి శక్తి ఎనిమిది వాట్ల ప్రాంతం. అయితే 'ట్యూబు అంటే సమ అనుస్వరాలు' అనే ప్రచారం సత్యానికి దూరం. రెండు ట్యూబులు తరంగాన్ని ఎదురెదురుగా పంచుకునే పుష్-పుల్ వలయంలో సమ అనుస్వరాలు పరస్పరం రద్దవుతాయి, మిగిలేవి బేసి అనుస్వరాలు. విలియమ్‌సన్ ఆంప్లిఫయర్‌తో సహా ప్రసిద్ధమైన ట్యూబు ఆంప్లిఫయర్లలో అధికభాగం పుష్-పుల్ కోవలోనివే.

ఇక తొలితరం ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్లకు వచ్చిన చెడ్డపేరు అకారణం కాదు. 1960ల నాటి వలయాలలో తరంగపు పైభాగాన్ని ఒక ట్రాన్సిస్టర్, కిందిభాగాన్ని మరొకటి మోసేవి. ఒకటి వదిలి మరొకటి అందుకునే సంధి వద్ద చిన్న మెట్టు ఏర్పడేది. ఆ మెట్టు నుండి పుట్టేవి ఎక్కువగా పై బేసి అనుస్వరాలు. అంతకంటే ముఖ్యమైనది, ఈ మెట్టు పరిమాణం సంకేతంతో పాటు తగ్గదు. కనుక శబ్దం తగ్గేకొద్దీ విరూపణం పాలు పెరుగుతుంది. ట్యూబులో దీనికి విరుద్ధంగా శబ్దం తగ్గేకొద్దీ విరూపణం కూడా తగ్గుతుంది. సన్నగా సాగే రాగాలాపనలో కరకుదనం విన్నవారు ఊహించుకొని చెప్పలేదు. పూర్తి శక్తి వద్ద తీసిన కొలతను మాత్రమే చూపి వారిని కాదన్న తయారీదారులే పొరబడ్డారు. ట్రాన్సిస్టర్లు ఎప్పుడూ పూర్తిగా ఆగిపోకుండా కొద్దిపాటి ప్రవాహాన్ని నిలకడగా ఉంచే పద్ధతులు, వేగవంతమైన సిలికాన్ ట్రాన్సిస్టర్లు వచ్చాక ఈ లోపం చాలావరకు తొలగిపోయింది.

రెండవ అనుస్వరాన్ని పూర్తిగా నిర్దోషిగా ఎంచడానికీ లేదు. రెండు స్వరాలు కలిసి వచ్చినప్పుడు అదే విరూపణం వాటి పౌనఃపున్యాల మొత్తాన్నీ, భేదాన్నీ కూడా పుట్టిస్తుంది. తంబుర షడ్జం 200 హెర్ట్జ్ మీద మోగుతుండగా గాయకుడు 225 హెర్ట్జ్ వద్ద చతుశ్శ్రుతి రిషభం అందుకున్నాడనుకుంటే, మొత్తం 425. ఇది తారస్థాయిలో శుద్ధరిషభానికి అతి సమీపం. గాయకుడు పాడని స్వరం, రాగంలో లేని స్వరం, లీలగానైనా వచ్చి చేరుతుంది. ఒంటరి వీణకు నిండుదనం తెచ్చే ఆంప్లిఫయరే వాద్యబృందాన్ని కలగాపులగం చేయడానికి కారణమిదే.

4. స్పీకరుతో సంబంధం:

నిండుదనానికి అనుస్వరాల కంటే బలమైన కారణం మరొకటి ఉంది. దీనిని వివరించడానికి ఓమ్ సూత్రం చాలు. స్పీకరు మీద 8 ఓములని రాసి ఉన్నా అది అన్ని పౌనఃపున్యాల వద్దా 8 ఓములు ఉండదు. ఒకచోట 6కు దిగి, మంద్రంలో అనునాదం వద్ద 30కి ఎగబాకే స్పీకరును ఉదాహరణగా తీసుకోవచ్చు. ఆంప్లిఫయర్‌కు కూడా తనదైన నిర్గమ అవరోధం ఉంటుంది. వోల్టేజిని ఇవి రెండూ పంచుకుంటాయి. ట్యూబు ఆంప్లిఫయర్ నిర్గమ అవరోధం 2 ఓములైతే, స్పీకరు 6 ఓములున్నచోట దానికి అందేది నాలుగింట మూడు వంతులు, అంటే 2.5 డెసిబెళ్ల నష్టం. 30 ఓములున్నచోట నష్టం సుమారు 0.6 డెసిబెల్ మాత్రమే. రెండింటి మధ్య వ్యత్యాసం దాదాపు 2 డెసిబెళ్లు. నిర్గమ అవరోధం 0.05 ఓములున్న ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్‌తో అదే వ్యత్యాసం 0.06 డెసిబెల్, వినికిడికి అందనిది.

అంటే ట్యూబు ఆంప్లిఫయర్ ఆ స్పీకరుతో కలిసి, ఎవరూ తిప్పని ఒక టోన్ కంట్రోలు లాగా పనిచేస్తుంది. మంద్రస్థాయి కొంత లేస్తుంది. ఏ స్పీకరుకు ఎక్కడ లేస్తుందన్నది ఆ స్పీకరు నిర్మాణాన్ని బట్టి ఉంటుంది. ఒకే ఆంప్లిఫయర్‌ను ఒకరు వెచ్చనిదని, మరొకరు మందకొడిదని వర్ణించడం ఇందువల్లనే సాధ్యమవుతుంది. ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్‌కూ స్పీకరుకూ మధ్య 2 ఓముల నిరోధాన్ని వరుసలో చేర్చినా ఈ ప్రభావం యథాతథంగా లభిస్తుంది. దాని ఖరీదు ట్యూబు ఖరీదులో లెక్కలోకి రాదు.

5. పరిమితి దాటినప్పుడు:

ప్రతి ఆంప్లిఫయర్‌కూ ఒక గరిష్ఠ వోల్టేజి ఉంటుంది. సంకేతం దానిని దాటితే తరంగశిఖరం తెగుతుంది. పునర్నివేశం అధికంగా ఉన్న ట్రాన్సిస్టర్ వలయంలో శిఖరం చివరిక్షణం దాకా చెక్కుచెదరక, ఆపై కత్తితో కోసినట్టు తెగుతుంది. పునర్నివేశం తక్కువగా ఉన్న ట్యూబు వలయంలో శిఖరం ముందునుంచే క్రమంగా వంగుతుంది. రసెల్ హామ్ ఈ విషయాన్నే రికార్డింగు స్టూడియోల అనుభవం ఆధారంగా పరిశీలించి, 1973లో ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ పత్రికలో వ్యాసం ప్రచురించాడు. స్టూడియోలో మైకు ముందు హఠాత్తుగా పెద్ద శబ్దం వచ్చినప్పుడు తొలిదశ ఆంప్లిఫయర్ క్షణకాలం తన పరిమితిని దాటుతుంది. ఆ క్షణాల్లో ట్యూబు రెండవ, మూడవ అనుస్వరాలను కలిపి పుట్టిస్తుందనీ, ట్రాన్సిస్టర్‌లో మూడవది ఒంటరిగా పైచేయి సాధిస్తుందనీ, భేదం వినబడేది అక్కడేననీ అతని వాదం. ఆ వ్యాసాన్ని ట్యూబుల పక్షాన ఉదాహరించేవారు చాలామంది అది పరిమితి దాటిన స్థితిని గురించి రాసినదన్న సంగతిని ప్రస్తావించరు.

గిటారు ఆంప్లిఫయర్ల సంగతి వేరు. 1960ల తొలినాళ్లలో జిమ్ మార్షల్ దుకాణంలో తయారైన జె.టి.ఎమ్.45, దానికి మాతృక అయిన ఫెండర్ బాస్‌మన్, రాక్ సంగీతంలో వాద్యంలో భాగమయ్యాయి. అక్కడ శిఖరం తెగడం లోపం కాదు, వాదకుడు కోరి తెచ్చుకున్న నాదం. వీణకు పనసచెక్క కుండ ఎటువంటిదో ఆ గిటారుకు ఆ ఆంప్లిఫయర్ అటువంటిది. నాదాన్ని సృష్టించే చోట ట్యూబును ఎన్నుకోవడం కళాకారుని ఇష్టం. రికార్డయిన నాదాన్ని ఉన్నదున్నట్టు వినిపించవలసిన చోట అదే పని అదనపు చేర్పు అవుతుంది. ఈ రెండు సందర్భాలను వేరుచేయకపోవడం వల్ల చర్చ తరచుగా దారితప్పుతోంది.

6. శ్రవణపరీక్షలు:

పరిమితిలోపు, మంచి నిర్మాణంతో పనిచేస్తున్న ట్యూబు, ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్ల మధ్య భేదం వినబడుతుందా? జేమ్స్ మోయిర్ ఈ ప్రశ్నపై నిర్వహించిన పరీక్ష వివరాలు 1978 జులైలో 'వైర్‌లెస్ వరల్డ్' ప్రచురించింది. క్వాడ్ సంస్థవే మూడు తరాల ఆంప్లిఫయర్లను ఇందుకు తీసుకున్నారు. 1953 నాటి క్వాడ్-2 ట్యూబులది, 1967 నాటి 303, 1975 నాటి 405 ట్రాన్సిస్టర్లవి. ఏది మోగుతున్నదో శ్రోతలకు తెలియనివ్వలేదు. వారి సమాధానాలు బొమ్మా బొరుసూ వేసి చెప్పినదానికి భిన్నంగా లేవు.

ఈ ఫలితాన్ని దాని హద్దుల్లోనే స్వీకరించాలి. నిర్గమ అవరోధం తక్కువగా, విరూపణం అల్పంగా ఉండేలా ఒకే సంస్థ రూపొందించిన మూడు ఆంప్లిఫయర్లు ఒకేలా వినిపించాయని మాత్రమే ఇది తెలుపుతుంది. ఎనిమిది వాట్ల 300బి ఆంప్లిఫయర్ కూడా అలాగే వినిపిస్తుందని దీనివల్ల తేలదు. బహుశా అది వేరుగానే వినిపిస్తుంది.

బాబ్ కార్వర్ 1985లో ప్రశ్నను తిరగవేశాడు. అమెరికాలోని 'స్టీరియోఫైల్' పత్రిక సంపాదకవర్గం మెచ్చిన ఖరీదైన ఆంప్లిఫయర్ ఏదైనా సరే, తన చవక ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్‌ను దానిలాగే వినిపించేలా మారుస్తానని పందెం కట్టాడు. వారు ఎంచుకున్నది ట్యూబు ఆంప్లిఫయర్. కార్వర్ పద్ధతి సూటి అయినది. రెండింటికీ ఒకే సంగీతాన్ని ఇచ్చి, ఒకదాని నిర్గమం నుండి మరొకదానిని తీసివేస్తే మిగిలేదే వాటి మధ్య భేదం. ఆ శేషం 70 డెసిబెళ్ల దిగువకు, అంటే అసలు సంకేతంలో సుమారు మూడువేలవ వంతుకు చేరేదాకా తన వలయాన్ని సవరిస్తూ పోయాడు. ఆ తరువాత గోర్డన్ హోల్ట్, లారీ ఆర్చిబాల్డ్ వంటి అనుభవజ్ఞులు రెండింటినీ వేరుచేసి గుర్తించలేకపోయారు. ట్యూబు నాదం ట్యూబు లేకుండానే తయారైంది. అది నచ్చినవారి చెవి తప్పని ఈ ఉదంతం చెప్పలేదు. ఆ నాదానికి మూలం గాజుబుడ్డిలో లేదని చెప్పింది.

కొద్దిసేపు జరిగే పరీక్షలో చెవి అలసిపోతుందని, నెలల తరబడి వింటేనే భేదం తెలుస్తుందని ఒక ఆక్షేపణ ఉంది. పేరు తెలియనివ్వకుండా నెలల తరబడి వినిపించడానికి అడ్డేమీ లేదు. ఆక్షేపించేవారు కోరుతున్నది ఎక్కువ సమయం కాదు, ఏది మోగుతున్నదో తెలిసి ఉండడం. మరొక జాగ్రత్త కూడా అవసరం. రెండు ఆంప్లిఫయర్లలో ఒకదాని శబ్దం అర డెసిబెల్ ఎక్కువైనా శ్రోతకు అది హెచ్చుశబ్దంగా తోచదు, మెరుగైన నాదంగా తోస్తుంది. కనుక శబ్దస్థాయిలను 0.1 డెసిబెల్ లోపుకు సరిపెట్టని పోలిక ఏదీ విశ్వసనీయం కాదు. దుకాణాలలో, ఇళ్లలో జరిగే పోలికలలో ఈ సరిపెట్టడం దాదాపు ఉండదు.

7. మాట - అది మోసే భావం:

దీనినిబట్టి 'వెచ్చదనం' అన్నప్పుడు ఒకరు దిగువ అనుస్వరాల చేరికను, మరొకరు స్పీకరుతో కలిసి లేచిన మంద్రస్థాయిని, ఇంకొకరు శిఖరాలు మెత్తగా వంగడాన్ని ఉద్దేశిస్తున్నారు. దీనికి తోడు ఎర్రగా వెలిగే కాథోడు కంటికి కనిపిస్తుంది, పెట్టె చేతికి వేడిగా తగులుతుంది. మాటకు ఆ దృశ్యమే ఊతమిచ్చి ఉండవచ్చు.

భారతీయ సంగీతశాస్త్రంలో ఈ అనుభవానికి వేరే పదజాలం ఉంది. 13వ శతాబ్దంలో దేవగిరి యాదవుల ఆశ్రయంలో శార్ఙ్గదేవుడు రచించిన సంగీతరత్నాకరం ప్రకీర్ణకాధ్యాయంలో గొంతు గుణాలు పదిహేను, దోషాలు ఎనిమిది చెప్పబడ్డాయి. గుణాలలో స్నిగ్ధం, ఘనం, కోమలం ఉన్నాయి. దోషాలలో రూక్షం, నిస్సారం, భగ్నం ఉన్నాయి. రాచకొండను ఏలిన రేచర్ల సింగభూపాలుడు ఈ గ్రంథానికి సంగీతసుధాకరం పేరిట వ్యాఖ్య రచించాడు కనుక ఈ పరిభాష తెలుగునేలకు పరాయిది కాదు. ఇక్కడి ద్వంద్వం వేడికీ చలికీ మధ్య కాదు, జిడ్డుకూ పొడితనానికీ మధ్య. యంత్రధ్వనికి ఈ మాటలను అన్వయిస్తే ఎంతో స్పష్టత వస్తుంది. పై బేసి అనుస్వరాలు చేరిన నాదం రూక్షం. దిగువ అనుస్వరాలు మాత్రమే చేరినది స్నిగ్ధం. మంద్రస్థాయి బలపడినది ఘనం. పరిమితి దాటి తెగినది భగ్నం. శార్ఙ్గదేవుని నిర్వచనాలకు ఇవి అచ్చంగా సమానార్థకాలని కాదు. ఒక్కొక్క కారణానికి ఒక్కొక్క మాట కేటాయించడానికి ఇవి వీలిస్తాయి, 'వెచ్చన' వీలివ్వదు.

ఆత్మకథలలో, కథలలో వాల్వు రేడియో ప్రస్తావన వచ్చినచోట ఈ వివేచన పరిశోధకునికి నేరుగా అవసరమవుతుంది. తెలుగు వాడుకలో 'ట్రాన్సిస్టర్' అనే మాట భాగం పేరుగా కాక, చేత పట్టుకొని తిరిగే రేడియోకే పేరుగా స్థిరపడింది. కనుక 'వాల్వు సెట్టు నాదం ట్రాన్సిస్టర్‌లో లేదు' అని ఒక పాత్ర అన్నప్పుడు అక్కడ పోలుస్తున్నది రెండు ఎలక్ట్రానిక్ భాగాలను కాదు. బల్లమీద కూర్చున్న పెద్ద చెక్కపెట్టెను, దానిలోని వెడల్పాటి కాగితపు స్పీకరును, అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ పెట్టెలోని రెండు మూడు అంగుళాల స్పీకరుతో పోలుస్తున్నది. పైగా మీడియం వేవ్ రిసీవర్ సుమారు 5 కిలోహెర్ట్జ్ దాటిన ధ్వనులను దాదాపు వదిలివేస్తుంది. మిగిలిన మంద్ర, మధ్య స్థాయిలను చెక్కపెట్టె నిలుపుకుంటుంది, చిన్న పెట్టె నిలుపుకోలేదు. అటువంటి వాక్యాన్ని ట్యూబు ఆధిక్యానికి సాక్ష్యంగా ఉదాహరించడం పొరపాటు. ఆ రేడియో ఇంట్లో ఎక్కడ ఉండేదో, ఎంతమంది చుట్టూ కూర్చుని వినేవారో తెలిపే సాక్ష్యంగా దానిని చదవవలసి ఉంటుంది.